రెండోసారి అడిగితే

హెబ్రోను పింగాణీ కూజాతో కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో చివరి బీరువా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మండడం మొదలుపెట్టాయి. ఆయన ఆగలేదు. చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకుని, సీసా మూత చుట్టూ ఉన్న మైనం గీకి, మూత ఎత్తి, దిగిపోయిన ఫార్మలిన్‌ని మళ్ళీ అంచుదాకా పోశాడు. లోపలి సొరచేప పిల్ల కాస్త కదిలి, మళ్ళీ తన చోట తాను నిలబడింది.

ఎండాకాలం వచ్చిందంటే నెల్లూరులో మనుషులకన్నా ముందు ఆ గదిలో సీసాలకు దాహం వేస్తుంది. కొన్నాళ్ళు పట్టించుకోకపోతే చేపల ముట్టెలు బయటపడి ఎండిపోతాయి, పాము చుట్టలు పైన ముడుచుకుపోతాయి. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. సెలవుల్లో కూడా వచ్చి పోసేవాడు ఒకడున్నాడని కూడా తెలుసు కాబట్టి, దాన్ని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోరు.

హెబ్రోను సన్నటి మనిషి. తెల్ల ప్యాంటు, మోచేతుల దగ్గర కుట్లు వేసిన తెల్ల చొక్కా, చంకలో గొడుగు. చాలాకాలం ప్రాక్టికల్స్ చేయించే డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి పోయిన సంవత్సరమే లెక్చరరు అయ్యాడు. ఇన్నేళ్ళ ఫార్మలిన్‌కి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. కాఫీ గ్లాసు ఎంత వేడో ఆయనకు పెదవికి తగిలాకే తెలుస్తుంది. ముక్కయితే ఎప్పుడో పనిచేయడం మానేసింది. చర్చిలో ఆయన కూర్చునే బల్ల మీద ఆయన పక్కన ఎప్పుడూ కొంచెం ఖాళీ ఉంటుంది. అది గౌరవమని ఆయన అనుకుంటాడు. వాసన వల్ల అని ఆయన భార్య ఎస్తేరమ్మ అంటుంది.

కింది అరలో మూలగా ఒక చిన్న సీసా ఉంది. అందులో ఉన్నది ఆంఫియాక్సస్. చేప కాని చేప. తల ఎటో తోక ఎటో తెలియదు, ఎముక లేదు, చిటికెన వేలంత ఉండదు. వెన్నెముక ఉన్న ప్రాణులన్నిటికీ పెద్దముత్తాత వరస అని పుస్తకాల్లో రాస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో మద్రాసు నుంచి తెప్పించిన ఆ ఒక్కటీ ఇప్పుడు పసుపురంగుకు తిరిగి, ఉడికి విడిపోయిన సేమియాలాగా ఉంది. కళ్ళు మూసుకుని బోర్డు మీద దాని బొమ్మ వేయగలడు హెబ్రోను. ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్లవాడు లేచి, ప్రాణంతో ఉన్నప్పుడు ఇది ఎట్లా ఉంటుంది సార్ అని అడుగుతాడు. గాజులాగా ఉంటుంది, ఇసుకలో దూరి మూతి మాత్రం బయటపెట్టుకుంటుంది, అని ఆయన చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ లోపల సిగ్గుపడతాడు. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. మైపాడు సముద్రం సైకిలు దూరంలో పెట్టుకుని కూడా ప్రాణమున్న ఆంఫియాక్సస్‌ని చూడకుండానే ఉద్యోగం సగం పైన అయిపోయింది.

అందుకే ఆ శిబిరం కబురు వచ్చినప్పుడు ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదు. చైనా యుద్ధం అయిన తర్వాత రెండో వేసవి అది. కాలేజీ అధ్యాపకుల కోసం ప్రభుత్వం సెలవుల్లో శిక్షణ శిబిరాలు పెడుతోంది. రైలు ఛార్జీలు వాళ్ళవే, బస, భోజనం వాళ్ళవే, పైగా చేతి ఖర్చులకు భత్యం. డిమాన్‌స్ట్రేటర్లకు అందులో చోటు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ కబుర్లు ఆయనవి కావు. ఈసారి జంతుశాస్త్రానికి వాల్తేరులో. పడవల్లో సముద్రం మీదికి తీసుకుపోయి, అడుగు ఇసుక తోడి, అందులోని జీవాలను బతికుండగానే చూపిస్తారట. కాలేజీకి ఒక్క చోటు. నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళు పనికిరారు. వచ్చే క్రిస్మసుకు ఆయనకు నలభై అయిదు నిండుతాయి. అంటే పోతే ఈ సంవత్సరం పోవాలి, లేకపోతే లేదు.

ఇంటికి పోయి, ఆవకాయ ఉన్న హార్లిక్స్ సీసా ఖాళీ చేసి ఇమ్మని ఎస్తేరమ్మను అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. సోడాతో కడిగి ఎండబెట్టి ఇచ్చింది, వాసన పూర్తిగా పోలేదని కూడా చెప్పింది. ఆయన ముక్కుకు ఆ సంగతి తెలియలేదు. గాలి ఆడడానికి మూతకు మేకుతో చిల్లులు కొట్టాడు. అక్కడికి పోయాక అడుగున ఇసుక, పైన సముద్రపు నీళ్ళు పోసుకోవాలి. ఒక్కటి బతికి వచ్చినా చాలు, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి చూపించవచ్చు.

స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఆయన్నే మొదట అడిగారు. తిరువాన్కూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన పెద్దమనిషి, మంచివాడు. మిస్టర్ హెబ్రోన్, మీరు వెళతారా అని ఇంగ్లీషులో అడిగారు. హెబ్రోను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చిన్నవాళ్ళు ఉన్నారు గదా సార్, వాళ్ళను పంపించండి అన్నాడు.

అంతే, వెంటనే సరేనన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ పక్క కుర్చీలో ఉన్న చిన్న లెక్చరరు ఆనందకుమారి పేరు రాసేసుకున్నారు.

ఇక్కడి మనిషి ఎవరైనా అట్లా చేయడు. హెబ్రోను తండ్రి అల్లూరు దగ్గర పల్లెల్లో క్రైస్తవ ఉపదేశిగా తిరిగినవాడు. వెంట కొడుకును తీసుకుపోయేవాడు. ఎవరింట్లో ఏది పెట్టినా మొదటిసారి వద్దనాలి, రెండోసారి అడిగితే తీసుకోవాలి, అదీ ఆయన నేర్పిన మర్యాద. పెట్టేవాళ్ళకీ తెలుసు, తినేవాళ్ళకీ తెలుసు. ఒకసారి మిషను బంగళాలో దొరసాని బిస్కెట్ల డబ్బా మూత తీసి ముందు పెడితే, పిల్లవాడు హెబ్రోను తలొంచుకుని వద్దన్నాడు. దొరసాని నవ్వి మూత పెట్టేసింది. ఆ మూత పడిన చప్పుడు ఆయనకు ఇప్పటికీ చెవిలో ఉంది. అయినా పాఠం మారలేదు. మీటింగులో విభాగం పెద్ద జయరామయ్య గారు ఉండివుంటే, అదేంది హెబ్రోనూ, ఈసారి నువ్వే పోవాల అని ఉండేవాడు. ఆయన పరీక్షల పని మీద గూడూరు పోయి ఉన్నాడు.

సీసాలు నింపడానికి బయలుదేరే ముందు, ఆ పొద్దున సంగటి ముద్ద పళ్ళెంలో పెడుతూ ఎస్తేరమ్మ ఆ ముచ్చటే ఎత్తింది. ఆనందకుమారి బండి ఎక్కేది ఆ సాయంత్రమే.

"ఇప్పటికైనా నోరు తెరిచి అడగండి. ఆ బిడ్డేమన్నా పరాయిదా, మీ దగ్గర చదువుకున్నదే."

"అడుగుతాలే" అన్నాడు హెబ్రోను.

"అడగరు" అంది ఎస్తేరమ్మ. కోపంగా కాదు, ఉప్పు చాలిందా లేదా చెప్పినట్టు చెప్పింది.

చివరి సీసా నింపాక కూజా కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆయన నిజంగానే ప్రిన్సిపాల్ గారి గదికి బయలుదేరాడు. వరండా పొడుగునా ఇంగ్లీషులో ఒక్క వాక్యం కూర్చుకున్నాడు. నాకు పోవాలని ఉంది. ఏ భాషలోనూ అటువంటి వాక్యం ఆయన ఇంతవరకు పైకి అనలేదు. లోపలికి పోగానే ప్రిన్సిపాల్ గారు లేచి చేయి కలిపారు. ఆ రోజు మీరు చూపిన పెద్దమనసు గురించి మా ఇంట్లో కూడా చెప్పాను, సీనియర్లు అందరూ మీలాగా ఉంటే ఎంత బాగుంటుంది, అన్నారు. హెబ్రోను నిలబడే ఉన్నాడు. ఏం కావాలి చెప్పండి అని ప్రిన్సిపాల్ గారు అడిగితే, ఫార్మలిన్ అయిపోవచ్చిందండీ, ఒక డబ్బా తెప్పించాలి అన్నాడు. అడిగీ అడగకముందే మంజూరైంది. బయటికి వచ్చాక ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఆనందకుమారి తన సొరుగు తాళంచెవి అప్పగించడానికి ల్యాబుకు వచ్చింది. కాలికి కొత్త చెప్పులు, ఎండకు కమిలిన ముఖం. రెండేళ్ళయింది ఉద్యోగంలో చేరి. బెజవాడ దాటి పోయింది లేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళకుండా నిలబడింది.

"సార్, ఒక మాట అడగాల. మీరు పోతారా వాల్తేరుకి?"

"నేనెందుకమ్మా? నువ్వు పో" అన్నాడు హెబ్రోను. ఆయన అనలేదు, నోరు అనేసింది.

కానీ ఆనందకుమారి ఈ మట్టి పిల్ల. అక్కడితో వదల్లేదు.

"అట్ట కాదు సార్. మొహమాటానికి చెప్పొద్దు. మీకు పోవాలని ఉంటే చెప్పండి. ఇప్పుడే పోయి ప్రిన్సిపాల్ గారితో చెప్పేస్తా. టెలిగ్రాం ఇస్తే పేరు మారుస్తారంట."

రెండోసారి అడగడమంటే ఇదే. మీటింగు రోజు నుంచి ఆయన ఎదురుచూసింది, ఆ బిస్కెట్ల డబ్బా రోజు నుంచి ఎదురుచూసింది ఈ మాట కోసమే. అవునమ్మా అనడానికి నోరు తెరిచి, ఆ పిల్ల వైపు చూశాడు.

ఆనందకుమారి కోతబల్ల అంచు పట్టుకుని ఉంది. ఆ పట్టుకు వేళ్ళు తెల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టింది. పెంపకం అడగమంది కాబట్టి అడిగింది గాని, ఆయన ఎక్కడ సరేనంటాడోనని బెదిరిపోయి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. మూత పడబోయే డబ్బా ముందు నిలబడ్డ పిల్లల ముఖం ఎట్లా ఉంటుందో హెబ్రోనుకు ఒకరు చెప్పనక్కరలేదు.

"మొహమాటం కాదమ్మా. నిజంగానే చెప్తుండా. నువ్వే పోవాల."

ఆమె ఒక్కసారిగా గాలి వదిలింది. ఆ పిల్ల సంతోషం చూసి ఆయనకు సంతోషమే కలిగింది, దాని కింద దుఃఖమూ కలిగింది. మొదటిసారి వద్దన్నది అబద్ధం, ఈసారి వద్దన్నది నిజం. వినేవాళ్ళకు రెండూ ఒక్కలాగే వినపడ్డాయి.

అప్పుడాయన ఎన్నడూ చేయని పని చేశాడు. ఇంటి నుంచి ముందే తెచ్చి అర మీద పెట్టుకున్న హార్లిక్స్ సీసా తీసి, ఆమె ముందు పెట్టి, నాకొక పని చేసిపెడతావా అని అడిగాడు. అడుగున ఎంత ఇసుక పోయాలో, నీళ్ళు ఎండ తగలకుండా ఎట్లా ఉంచాలో, బండిలో కాళ్ళ దగ్గర గుడ్డ చుట్టి పెట్టుకోవాలనీ, మార్చడానికి ఇంకో డబ్బాలో సముద్రపు నీళ్ళు తెచ్చుకోవాలనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతు కుర్రవాడి గొంతులాగా ఉంది. తప్పకుండా తెస్తాను సార్, రెండు తెస్తాను, అంది ఆనందకుమారి. మనస్ఫూర్తిగానే అంది.

సాయంత్రం ఆయన కూడా స్టేషనుకు పోయాడు. ఆనందకుమారి తండ్రి, సమాధానం అనే ఆసుపత్రి కాంపౌండరు, ట్రంకుపెట్టె మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. ఆడపిల్లను ఒంటరిగా పంపించడం ఇష్టం లేక తల్లి రాలేదు. ప్లాట్‌ఫారం మీద గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల గంపలు వరసగా దించి ఉన్నాయి. ఆ పిల్ల చేతిలో పరుపుచుట్ట, భుజాన సంచి, మరచెంబు, చంకలో తువాలు చుట్టిన సీసా. బండి రావడంతోనే జనం మీద పడ్డారు. చేయి ఖాళీ చేసుకోవడానికి ఆమె సీసాను పక్కనున్న సిమెంటు బల్ల మీద పెట్టి, సామాను ఎత్తి, ఎట్లాగో ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. సమాధానం కిటికీ ఊచలు పట్టుకుని జాగ్రత్తలు చెబుతున్నాడు. బెజవాడలో బండి మారేటప్పుడు ఎవరినీ నమ్మొద్దంటున్నాడు.

హెబ్రోను బల్ల పక్కనే ఉన్నాడు. సీసాను ఆయన చూశాడు. బండి ఇంకా కదల్లేదు. తీసి కిటికీలోంచి ఇస్తే అయిపోయేది.

గుర్తొస్తుందిలే, అనుకున్నాడు. గుర్తొచ్చి, సార్, సీసా అంటుంది, అప్పుడు ఇద్దాం. చేతినిండా సామాను, ఒంటరి ప్రయాణం. ఇప్పుడు ఇది కూడా నెత్తిన పెడితే బాగుంటుందా? మధ్యాహ్నం ఒకసారి అడిగాను. ఆ పిల్ల ఒప్పుకుంది. మళ్ళీ రెండోసారి అడిగితే ఏమనుకుంటుంది?

గార్డు పచ్చ జెండా ఊపాడు. ఆనందకుమారి తన తండ్రి భుజం మీదుగా చూసి, వస్తాను సార్ అని చేయి ఊపింది. ఆయన నోరు తెరిచాడు. బల్ల వైపు చేయి సగం దాకా పోయింది. ఆ చేయే పైకెత్తి ఊపాడు. బండి పెన్న వంతెన వైపు సాగిపోయింది. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా ఆయన ఊపుతూనే ఉన్నాడు.

కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగిన సమాధానం బల్ల మీద తువాలు చూశాడు.

"అరెరే, బిడ్డ ఏందో మర్చిపోయినట్టుండాదే. మీదా సార్?"

"ఫరవాలేదులెండి" అన్నాడు హెబ్రోను.

"ముఖ్యమైందా?"

"ఏం లేదు. ఉత్త సీసా."

సమాధానం తన తువాలు విప్పి భుజాన వేసుకుని, సీసాను ఎక్కడున్నది అక్కడే పెట్టేశాడు. తీసుకోండి సార్ అని మళ్ళీ అనలేదు. కూతుర్ని పంపించిన దిగులులో ఉన్నాడు, ఆయన తప్పేం లేదు. ఇద్దరూ గేటు దాకా కలిసి నడిచారు. వచ్చే వారం మళ్ళీ సీసాలు నింపాలని హెబ్రోను ఏదో మాటకు చెప్పాడు.

సిమెంటు బల్ల మీద హార్లిక్స్ సీసా ఒక్కటే ఉంది. మేకుతో కొట్టిన మూత చిల్లుల్లోంచి ఆవకాయ వాసన ఇంకా కొంచెం కొంచెం వస్తూనే ఉంది.