ఒక్క దీర్ఘం

చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ, "ఇవాళ అత్తయ్యను కళ్ల డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్తానన్నారు కదండీ, నాకు డబ్బింగ్ ఉంది" అంది ఆమె.

భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "నేనెప్పుడన్నాను? భలేదానివే! అంతా నీ భ్రమ."

అత్తగారు వెంటనే అందుకుంది. "వాడికి ఆఫీసులో సవాలక్ష పనులమ్మా. నువ్వే పొరబడి ఉంటావు."

నిన్న సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని, సాక్సులు విప్పుకుంటూ అన్నాడు. అయినా ఆమెకు వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయింది. అంతకన్నా ఘోరం, ఈ మధ్య వాళ్ల మాటే నిజమేమో అనిపిస్తోంది. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. లాగి చూసిన తాళాన్నే మళ్లీ లాగి చూస్తుంది. పేజీలకు పేజీల డైలాగులు, ఎక్కడ ఊపిరి తీయాలో సహా గుర్తుపెట్టుకునే మనిషి, తన ఇంట్లో తన చెవులను తానే నమ్మలేకపోతోందంటే ఎంత అన్యాయం! చివరికి డాక్టర్‌కి తనే ఫోన్ చేసి, సాయంత్రానికి మార్పించి, స్టూడియోకి పరుగెత్తింది.

కొద్ది రోజులుగా అక్కడ ఒక సినిమాలో హీరోయిన్‌కి గొంతు ఆమెదే. కథలో భర్త వస్తువులు దాచేసి, "నువ్వే మర్చిపోయావు" అని నవ్వుతుంటాడు. ఆ ఇల్లాలు గది గదీ వెతుక్కుంటూ నిజానికి దగ్గరవుతుంటుంది. ఎంత బాగా తీశారనీ! తెరమీద తలుపు కిర్రుమంటే చాలు, మైకు ముందు ఆమెకు ఒళ్లు జలదరించేది. ఈ పిల్ల ఎలాగైనా గెలవాలి అని మనసులోనే మొక్కుకునేది.

ఆఖరి రీలు ఇవాళే వేశారు. తీరా చూస్తే ఏముంది, కొండను తవ్వి ఎలుకను పట్టారు! డాక్టరొచ్చి జబ్బంతా భార్యదేనంటాడు. భర్త మేలిమి బంగారమట. ఆ పిల్ల అతని కాళ్ల దగ్గర కూలబడి, "అంతా నా భ్రమేనండీ" అనాలి.

ఆమె హెడ్‌ఫోన్లు పక్కకు జరిపింది. "ఆయన దాచడం మనం కళ్లారా చూశాం కదా సార్. ఆ సీన్లన్నీ ఏమైనట్టు?"

"అవీ ఆవిడ ఊహలేనమ్మా. అదే ట్విస్టు! నువ్వు ఏడుస్తూ చెప్పు చాలు" అన్నాడు డైరెక్టర్. చెడ్డవాడేం కాదు పాపం, తన తెలివికి తానే మురిసిపోతున్నాడు.

హెడ్‌ఫోన్లు సర్దుకుంది. తెరమీద పెదవులు కదిలాయి. ఏడుపు నిజంగానే తన్నుకొచ్చింది, కానీ దాంతోపాటు వచ్చిన మాట వేరు.

"అంతా నా భ్రమేనాండీ?"

పెరిగింది ఒక్క దీర్ఘమే. పెదవులకు అతికినట్టు సరిపోయింది. "లిప్ కరెక్టుగా ఉంది సార్" అంది సౌండ్ ఇంజనీరమ్మాయి.

"ఒప్పుకోమంటే అడుగుతావేంటమ్మా? కథే తిరగబడిపోయింది!"

"లేదు సార్, ఇప్పుడే నిలబడింది."

డైరెక్టర్ బుర్ర గోక్కున్నాడు. "ఏదీ, ఒకసారి వెయ్యి" అన్నాడు ఇంజనీరుతో.

ఆమె చెవుల్లో ఆమె గొంతే వినిపించింది. ఇన్నేళ్లుగా గుటక వేసి మింగుతూ వచ్చిన ప్రశ్న, ఎదురుగా నిలబడి ఎవరో అడిగినట్టుంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"కాదు" అంది.

"ఆ 'కాదు' ఎక్కడిదమ్మా? డైలాగులో లేదే!" అన్నాడు డైరెక్టర్ కంగారుగా.

ఆమె కళ్లు తుడుచుకుంది. "అది మీ సినిమాకి కాదు సార్, మా ఇంటికి."