ఇలియాస్ వంతు

ఊరిగాంలోని ఆ చిన్న ప్రైవేటు బడిలో గురువారం వచ్చిందంటే మూడో తరగతిలో సందడే సందడి. బెత్తం ఝళిపించి బట్టీ వేయించే మతపాఠాన్ని నఫీసా టీచరు ఆటగా మార్చింది మరి! నమాజుకు ముందు నీళ్లతో శుభ్రం చేసుకునే వజూను జట్టులోని పిల్లలు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో పని నోటితో చెప్పి, చేసి చూపాలి. చేతులు, నోరు, ముక్కు, ముఖం... ఎవరు ఆగినా జట్టంతా ఓడినట్టే. గెలిచినవాళ్లకు చిక్కీలు. కలిసి నేర్చుకోవడమంటే ఇదేనని ఆమెకు గట్టి నమ్మకం. తల్లిదండ్రులూ ముచ్చటపడ్డారు.

ముక్కు కడగడం ఇలియాస్ వంతు. వాడికి నత్తి. పని చక్కగా చేసేవాడు, మాట మాత్రం పెదవి దాటేది కాదు. వారం వారం జట్టు ఓడింది.

"మిస్, వీణ్ణి వేరే జట్టులో వెయ్యండి" అని నాయకురాలు సానియా అడిగింది.

"మీరే నేర్పించుకోండి" అని నఫీసా నవ్వేసింది.

పిల్లలు తమకు తెలిసినట్టే నేర్పించారు. గిల్లారు, అన్నం దగ్గర పక్కన కూర్చోనివ్వలేదు, చివరికి గురువారం బడికే రావద్దన్నారు. ఆమె ఇవేవీ గమనించలేదు.

ఆ గురువారం ఇలియాస్ బడికి వెళ్లకుండా బ్యాగుతో సహా సైనైడ్ దిబ్బ ఎక్కాడు. గని రాళ్లలోంచి బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన గుట్ట అది. వానకు నానిన అంచు విరిగి, వాడు కింద పడ్డాడు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో, వాణ్ణి మోసుకొచ్చిన పక్కింటి పాపన్న నఫీసా ముందు కళ్లు తుడుచుకున్నాడు.

"కాలు విరిగి పొద్దన్నుంచీ ఆడే పడుండాడమ్మా. మేకల్ని వెతుక్కుంటా నేను ఆ పక్కనే పోయినాను, వచ్చినాను. ఒక్క కేక వేసుంటే ఎత్తుకొచ్చేవాణ్ణి గదా! యాల పిలవలేదురా అంటే ఏమన్నాడో తెలుసునా?"

"ఏమన్నాడప్పా?"

"నేను నోరు తెరిస్తే అందురూ తిడతారు తాతా, అన్నాడు."

నఫీసా లోపలికి పరుగెత్తింది. మంచం దగ్గర కూర్చుని ఎంత బతిమాలినా ఇలియాస్ పెదవి విప్పలేదు. కాలు కొంచెం పొట్టిపడుతుందని డాక్టరు చెప్పాడు. మాట సంగతి ఎవరూ చెప్పలేకపోయారు.

మరుసటి గురువారం ఆమె తల్లిదండ్రులను కూడా బడికి పిలిపించింది. చిక్కీల డబ్బా లేదు. పిల్లలు అలవాటుగా వరుస కట్టి, ఇలియాస్ నిలబడే చోటును మూసేసి దగ్గరకు జరిగారు. అది చూసి ఆమె కళ్లు నిండాయి.

"ఆ చోటు వదలండి. వాడు వచ్చి, చెప్పేదాకా మనమందరం ఆగుదాం" అంది. తర్వాత పెద్దల వైపు తిరిగింది. "బెత్తం పారేశాననుకున్నాను. దాన్ని ఈ పిల్లల చేతికిచ్చాను. ఒకడు తడబడితే అందరినీ ఓడించే ఆట కలిసి బతకడం నేర్పదు, ఆ ఒక్కణ్ణి వెలివేయడం నేర్పుతుంది."