సుమ్మా కూచున్న మనిషి

చెక్కిన ద్రాక్షగుత్తుల సందుల్లో చేరిన దుమ్ము గుడ్డతో రాదు, బ్రష్షు కావాలి. మా ఆయన బాలసుందరం పాత షేవింగు బ్రష్షు అలాగే నా చేతికి వచ్చింది. ఏర్కాడులో ఎవరో దొరల బంగళా సామాను అమ్ముతుంటే ఆయన కొని తెచ్చిన కుర్చీల జత ఇది. ఇటలీవి, నూరేళ్ల పైమాటే. చేతుల మీద ద్రాక్షతీగలు, వీపు పైన రెక్కల పిల్లల మొహాలు, కాళ్లకు సింహం పంజాలు, ఒళ్లంతా బంగారు రేకు. పాత సామాను కొని అమ్మడం ఆయన వ్యాపారం. నల్లంపల్లి రోడ్డు మీది షెడ్డులో ఎలుకలు కొరుకుతాయని వీటిని మా ఇంటి హాల్లో పెట్టాడు. తుడిచేది నేను. ఒకసారి తడి తగిలి రేకు కొంచెం లేచింది, కింద ఎర్రటి పూత బయటపడింది. "ఇది గూడా చేతగాదా? ఇంట్లో సుమ్మా కూచోనుండేదానివే గదా!" అన్నాడు.

సుమ్మా అంటే ఊరికే. తమిళం నుంచి వచ్చిన మాటే గానీ మా ఇంట్లో అత్తగారికన్నా దానిదే పెత్తనం. తెల్లవారకముందే లేచి నీళ్లు పడతాను. అత్తకు రాగిసంగటి, ఆయనకు ఇడ్లీ, షెడ్డులో పనివాళ్లకు సాంబారు. కొనేవాళ్ల ఫోన్లకు తమిళంలో జవాబులూ నేనే, వాళ్లకు ఫోటోలు పంపేదీ నేనే. ఇందులో ఎక్కడ కూచున్నానా అని నన్ను నేనే వెతుక్కున్నాను. అన్నం కూడా పొయ్యి పక్కన గొంతుక్కూచునే తింటాను. హాల్లో కుర్చీలు లేక కాదు, మామగారి పటం ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయినా మా అత్త పాపక్క దృష్టిలో ఇంకా చూస్తూనే ఉన్నాడు. "మామ ఎదురుగా కోడలు సేర్లో కూచుంటే ఏం మర్యాద మాదేశూ?" అంటుంది నాతో.

చెట్టికరైలో ఆడపిల్లల హాస్టలు ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి మా ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. నాకు కాలు నిలవడం లేదు. గది నుంచి గదికి తిరుగుతున్నాను, తుడిచిందే తుడుస్తున్నాను. అత్త మాత్రం ఊరుకోలేదు. "నువ్వు పోతే ఇంటి పనంతా ఎవురు చేసేది? నేనా?" అంది. ఈ ఇంట్లో పని ఉందని ఎవరైనా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

ఈరోజు కుర్చీలు చూడడానికి హోసూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, తెలుగావిడే. ఒకదాంట్లో కూచుని, ద్రాక్షగుత్తుల మీద వేలు రాసి చూసుకుంది. "ఎంత బాగా పెట్టుకోనుండారండీ, దుమ్మనేదే లేదు!" అంది.

"నేను చానా జాగ్రత్తండీ" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. కాఫీ అందిస్తుంటే ఆమె నా వైపు తిరిగి, "మీరేం చేస్తుండారమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వుతూ జవాబిచ్చాడు. "ఇదేం చేస్తాది? ఇంట్లో సుమ్మా కూచోనుంది."

ట్రే పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ కూడా ఒకసారి నా కాళ్ల వైపు చూసింది.

ట్రే టీపాయి మీద పెట్టాను. రెండో కుర్చీలో, మామగారి పటానికి సరిగ్గా ఎదురుగా, కూచున్నాను. మెత్త కాస్త గరుకుగా ఉంది. నడుము మాత్రం అమ్మయ్య అంది.

"ఏమే, లేయ్! రేకు పోతాది!" అన్నాడు మా ఆయన.

"మామ చూస్తుండాడే!" వంటింటి గుమ్మంలోంచి అత్త.

"చూడనీలే అత్తా" అన్నాను. లేవలేదు. మా ఆయన వైపు తిరిగాను.

"మీ మాట అబద్ధం కాగూడదని కూచున్నాను. సుమ్మా కూచునేది ఈ ఒక్క పొద్దే. సోమవారం నుంచి చెట్టికరైలో జీతానికి కూచుంటాను."