ప్రిస్సిల్లా ఆంటీ కోరిన బొమ్మ

మెల్‌బోర్న్‌లో చిత్రకళ చదువుతున్న డేనీకి రెండో ఏడాదిలో ఒక పని ఇచ్చారు. ఐదువందల ఏళ్ల కిందటి ఇటలీ చిత్రకారుల పద్ధతిలో, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ వేయాలి. ఆ బొమ్మల్లో మఖమల్ దుస్తులు, ఉంగరాలు మనిషి హోదా చెబుతాయనీ, చూపూ పెదవీ గుణం చెబుతాయనీ లెక్చరర్ వివరించారు.

డేనీ నగర శివారు పాయింట్ కుక్‌లో ప్రిస్సిల్లా ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆమె కాకినాడ నుంచి వచ్చి పదిహేనేళ్లుగా వృద్ధాశ్రమంలో క్లీనింగ్ పని చేస్తోంది. డేనీ ఆమెనే అడిగాడు. యూనిఫామ్‌లో, చేతిలో నేల తుడిచే మాప్‌తో వేస్తే శ్రమకు గౌరవమిచ్చినట్టు ఉంటుందనుకున్నాడు.

శనివారం ఆమె మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఆంటీ, యూనిఫామ్ వేసుకోమన్నాను కదా?"

"అది కంపెనీ వాళ్ళది బాబూ, నాది కాదు. ఆ పాత బొమ్మల్లో దొరలు ఎవరికి నచ్చినట్టు వేయించుకున్నారు?"

"వాళ్ళకి నచ్చినట్టే. డబ్బిచ్చేది వాళ్ళే కదా."

"అంటే నేను డబ్బివ్వట్లేదని నీకు నచ్చినట్టు వేసేస్తావా?"

డేనీ ముఖం చిన్నబోయింది. ఎలా వేయించుకోవాలనుందో నిజంగానే ఆమెను ఒక్కమాట అడగలేదు.

"సారీ ఆంటీ. చేతిలో ఏం పట్టుకుంటారో మీరే చెప్పండి."

ఆమె లోపలికెళ్లి పాటల నోటుపుస్తకం తెచ్చుకుంది. వాళ్ళ తెలుగు చర్చిలో క్వయర్ నడిపేది ఆమే.

రెండు శనివారాలు గడిచాయి. జరీ అంచు, చెవికమ్మలు, మెడలో గొలుసు బాగానే వచ్చాయి. ముఖమే రాలేదు. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు ఆమె బిగుసుకుపోయేది. మూడో శనివారం, పక్కగదిలో కీబోర్డు మీద పాట సాధన చేస్తున్న ఆమె కూతురు జెన్సీ ఒక స్వరం తప్పింది. ఆంటీ తల అటు తిరిగింది. కనుబొమ్మ లేచింది.

"మళ్ళీ మొదట్నించి!" అని కేకేసి, పెదవి బిగించి వినసాగింది.

"ఓకే మమ్, ఐ నో!" అంది జెన్సీ.

డేనీ గబగబా గీశాడు.

బొమ్మ పూర్తయ్యాక ఆంటీ దాన్ని చాలాసేపు చూసింది.

"అమ్మో, ఇంత కఠినంగా ఉంటానా?"

"పాట దగ్గర ఉంటారాంటీ. మార్చమంటారా?"

"వద్దులే. అలా లేకపోతే ఒక్కళ్ళూ శ్రుతిలో పాడరు. గొలుసు మాత్రం కొంచెం లావు చెయ్యి."

డేనీ నవ్వి కుంచె తీసుకున్నాడు.

సోమవారం, ఇంకా తడారని ఆ బొమ్మతో పాటు డేనీని కారులో ఎక్కించుకుని ఆమే యూనివర్సిటీలో దింపింది. దారిపొడుగునా "బ్రేకేస్తున్నా, బొమ్మ పట్టుకో" అంటూనే ఉంది.