చిరునామా చెప్పి మాట్లాడాలి

గురువారం సాయంత్రం ముందుగది కిటికీ తెర దగ్గర మా అత్తగారికీ నాకూ మాటా మాటా వచ్చింది.

నేను తెర మూశాను. ఆవిడ కుర్చీలోంచి లేచి, చేతికర్ర పొడుచుకుంటూ వెళ్ళి తీసేసింది.

"పొద్దుగూకగానే తెరలేమిటి? వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు?"

"చలిగా ఉంది అత్తయ్యా."

"చలి ఈ ఏడే కొత్తగా వచ్చిందా? నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ కిటికీకి తెర వేసింది లేదు. తాగుబోతులు వేసుకుంటారు తెరలు. అప్పులు చేసినవాళ్ళు వేసుకుంటారు."

మా ఊరి పద్ధతి అదే. ఈ సరస్సు ఒడ్డుకు వలస వచ్చిన డచ్చి తాతలు తెచ్చిపెట్టిన పద్ధతి. దీపం వెలిగించి తెర తీసి ఉంచాలి. దారిన పోయేవాళ్ళకు మన బల్లా, మన కుర్చీలూ, మన మొహాలూ కనబడాలి. దాచుకునేది ఏమీ లేని ఇల్లని దానర్థం.

పేపరు వెనక నుంచి మా ఆయన డర్క్ అన్నాడు: "చెరో సగం వేసుకోండి. మధ్యలో నేను కూర్చుని లోకానికి కనబడతాను."

నేను నవ్వలేదు. మధ్యాహ్నం నుంచి బూడిదరంగు ట్రక్కు ఒకటి మా వీధిలో నెమ్మదిగా పోతోంది, కాసేపటికి మళ్ళీ వస్తోంది. దాన్ని ముందు చూసింది బ్రినా. మేడ మీద లెక్కలు చేసుకుంటున్న పిల్ల గబగబా దిగి వచ్చి, కిటికీ కింద నేల మీద చతికిలబడింది. ఏమిటంటే పెన్సిలు పడిపోయిందంది. దాని చేతిలో పెన్సిలు ఉంది.

బ్రినాకు పదిహేడేళ్ళు. శరదృతువు మొదట్లో చర్చి నేలమాళిగలో మేం పెట్టే బుధవారం భోజనానికి వచ్చింది. అందరూ వెళ్ళిపోయాక కూడా గిన్నెలు తోముతూనే ఉంది. తోమడానికి ఇంకేం లేనప్పుడు తోమినవే మళ్ళీ తోమింది. అప్పటికి కొన్నాళ్ళుగా స్నేహితుల ఇళ్ళలో, రాత్రంతా తెరిచి ఉండే బట్టలుతికే దుకాణంలో, ఒక పాత కారులో పడుకుంటోంది. మా అమ్మాయి చదువుకు వెళ్ళాక ఖాళీగా ఉన్న మేడగది ఇచ్చాను. ఇంట్లోంచి ఎందుకు వచ్చేసిందని ఒకసారి అడిగాను. "అమ్మ మొగుడు," అని ఊరుకుంది.

ఇలాంటి పిల్లలు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళకోసం చర్చి పక్కన ఖాళీగా ఉన్న పాదిరీ గారి ఇంటిని తెరవాలని నేనూ, నర్సు పని మానేసిన హెన్రియెట్టా రెండేళ్ళుగా తిరుగుతున్నాం. అడ్డం ఒక్కటే: రక్తసంబంధం లేనివాళ్ళు ముగ్గురికి మించి ఒక ఇంట్లో ఉండకూడదని ఊరి చట్టం. దాన్ని మార్చమని కౌన్సిలు సభ్యుల వంటిళ్ళలో కూర్చుని, వాళ్ళ భార్యలు చేసిన ఆపిల్ తీపిరొట్టె తిని, మెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చాం. చట్టం మారాలంటే రెండుసార్లు ఓటు వేయాలి. మొదటి ఓటు పోయిన సోమవారం. ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. రెండోది వచ్చే సోమవారం.

ఆ ఒక్క ఓటూ బ్రినా మాట్లాడినందుకే వచ్చింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

మా కౌన్సిలులో ఎవరు మాట్లాడాలన్నా మైకు దగ్గర ముందు పేరూ చిరునామా చెప్పాలి. బ్రినా పేరు చెప్పి ఆగిపోయింది.

"చిరునామా?" అన్నాడు అధ్యక్షుడు మార్విన్.

బ్రినా మైకు తీగ వంక చూసింది.

"చిరునామా లేనిదే మాట లెక్కలోకి రాదమ్మా. రూలు."

"అది లేకనే కదయ్యా ఆ పిల్ల వచ్చింది!" అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు.

నాకు ఏ పనైనా పద్ధతిగా జరగాలి. లేచి నిలబడ్డాను. "మా ఇంట్లోనే ఉంటోంది. పైన్ వీధి, పద్నాలుగో నంబరు. చెప్పు బ్రినా."

బ్రినా వెనక్కి తిరిగి నా వంక చూసింది. కృతజ్ఞత అనుకున్నాను. తరువాత మైకులో చెప్పింది, నంబరుతో సహా.

బయటికి వచ్చాక కారు దగ్గర హెన్రియెట్టా అంది: "నెల్, ఇదంతా ఊరి టీవీలో వస్తుంది కదూ?"

"రానీ, నలుగురూ చూస్తారు," అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం గంట మోగింది. గుమ్మంలో ఒకాయన, టోపీ తీసి చేత్తో పట్టుకుని, బూట్ల మంచు మెట్టు మీద దులుపుకుంటున్నాడు. ముంజేతి మీద ఎర్ర చలికోటు. వీధిలో అతని వెనక ఆ ట్రక్కు.

"నా పేరు రాండ్ అండీ. బ్రినా వాళ్ళమ్మ భర్తని. పిల్ల కోటు మరిచిపోయి వచ్చేసింది. టీవీలో చూశాం, పల్చటి స్వెటరుతో నిలబడింది. వాళ్ళమ్మ ఒకటే ఏడుపు."

కోటు అందుకున్నాను.

"ఇంటి నంబరు భలే స్పష్టంగా చెప్పించారు," అన్నాడు నవ్వుతూ. "లేకపోతే మేం ఎక్కడని వెతుక్కునేవాళ్ళం? బడి నుంచి ఎన్నింటికి వస్తుందండీ?"

"మూడింటికి వదులుతారు. ఇవాళ పాటల సాధన ఉంది. నాలుగవుతుంది, వెనక గేటు నుంచి వస్తారు," అన్నాను.

అడిగాడు, చెప్పాను. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పడం చిన్నప్పటి నుంచి నాకు అలవాటు. అతను గడపలో తన బూట్ల తడిని జేబురుమాలుతో తుడిచి మరీ వెళ్ళాడు.

"ఎంత మర్యాదస్తుడు!" అంది మా అత్తగారు. కోటు చేతిలోకి తీసుకుని, భుజాలు పట్టి ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ మొహం మారిపోయింది. "నెల్, ఇది చిన్నపిల్లది. పదేళ్ళ పిల్లది. బ్రినాకు మోచేతుల దాకా కూడా రాదు."

తాళంచెవి ఎలా తీసుకున్నానో గుర్తులేదు. మంచులో కారు రెండుచోట్ల జారింది. బడి వెనక గేటు దగ్గర ట్రక్కు ఇంజను ఆడుతూ ఉంది. పాటల పిల్లలు గుంపుగా బయటికి వస్తున్నారు. బ్రినా గేటు లోపలే ఆగిపోయి ఉంది. ముందుకూ రావడం లేదు, వెనక్కీ పోవడం లేదు. పిల్లలందరూ దాన్ని చుట్టుకుని రెండు పాయలై పోతున్నారు. కారు ట్రక్కుకూ గేటుకూ మధ్య అడ్డంగా ఆపి, తలుపు తెరిచి కేక వేశాను. బ్రినా వచ్చి వెనక సీటు మీద కాదు, దాని ముందు కింద పడుకుంది.

రాండ్ అద్దం దించాడు. "కోటు సరిపోయిందా?" అని అడిగి, పొరుగువాళ్ళు ఊపినట్టు చెయ్యి ఊపాడు.

ఇంటి దగ్గరకు వచ్చాం. బ్రినా కింద నుంచే అడిగింది: "బడి వేళ మీరే చెప్పారా?"

"అడిగాడు..."

"అవును, బాగా అడుగుతాడు," అంది.

ఫోను చేస్తే పోలీసాయన వచ్చి కాఫీ తాగాడు. "వీధిలో బండి నడపడం నేరం కాదమ్మా. కోటు ఇవ్వడం అసలే కాదు. ఈ పిల్ల నోరు విప్పితే రాసుకుంటాను," అన్నాడు. బ్రినా విప్పలేదు. అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది కదా అని మాత్రం అంది. శనివారమంతా ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే ఊపిరి వినబడేది. డర్క్ వెనక తలుపుకు గడియ మార్చాడు. ముందుగది తెర మా అత్తగారే మూసింది.

ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్య ఆవిడ బ్రినాకు పిప్పర్మెంటు బిళ్ళ అందించింది. ప్రసంగం అయి కీర్తన మొదలయ్యాక వెనక వరస నుంచి ఒక బరువైన గొంతు నాకు విడిగా వినబడింది. తిరిగి చూడక్కర్లేకపోయింది. బ్రినా నోట్లో బిళ్ళ పళ్ళకు తగిలి టకటకమంటోంది.

ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర అందరూ రాండ్ తో చెయ్యి కలుపుతున్నారు. కొత్తవాళ్ళకు మా వాళ్ళు చేసే మర్యాద అది. మార్విన్ నన్ను పక్కకు పిలిచాడు. "మంచివాడిలా ఉన్నాడు నెల్. పిల్లను ఇంటికి పిలుచుకుపోవాలని వచ్చాడు పాపం. ఇది ఇల్లు లేని సమస్యేనంటావా? రేపటి ఓటు గురించి మళ్ళీ ఆలోచించాలేమో."

"మీరు ఆ పిల్లను అడిగారా?" అన్నాను.

"చిన్నపిల్లలను ఏం అడుగుతాం?" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొయ్యిలో పెట్టి వెళ్ళిన మాంసం ఉడికిపోయి ఉంది. బంగాళాదుంపలు నలిపి, ఆపిల్ గుజ్జు తీసి బల్ల మీద పెట్టాను. హెన్రియెట్టాను కూడా భోజనానికి పిలిచాను. డర్క్ ప్రార్థన చేశాడు. మామూలుగా చేసేదే చేశాడు కానీ 'ఈ ఇంటిని కాపాడు' అన్నది రెండుసార్లు అన్నాడు. వీధిలో ఏ బండి పోయినా అందరి చెంచాలూ ఆగుతున్నాయి.

"నేనొకటి అనుకున్నాను," అని మొదలుపెట్టాను. "సభలో బ్రినా బదులు నేను మాట్లాడతాను. బ్రినా ఇల్లు కదలకుండా..."

"మిసెస్ డైక్‌స్ట్రా, నేను చెప్పొచ్చా?" అంది బ్రినా.

పళ్ళెం పక్కకు జరిపింది. చేతులు ఒడిలో పెట్టుకుంది.

"భోంచేశాక హెన్రియెట్టాతో వెళ్ళిపోతున్నాను. చోటు చూశారు."

"ఎక్కడ?" అన్నాను.

హెన్రియెట్టా పళ్ళెంలోకి చూసింది.

"మీకు చెప్పనండీ. కోపం తెచ్చుకోకండి. మీరు మంచివారే. కానీ ఎవరైనా మర్యాదగా అడిగితే మీరు నిజం చెప్పేస్తారు."

డర్క్ నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

"అయితే రేపు సభకు రావన్నమాట," అంది మా అత్తగారు. ఆ మాటలో ఊరట వినబడింది.

"వస్తాను."

"వాడూ వస్తాడే, పిల్లా! మొదటి వరసలో కూర్చుంటాడు."

"కూర్చోనీండి. అక్కడ దీపాలుంటాయి, జనం ఉంటారు." బ్రినా ఆగలేదు. "మార్విన్ గారు చిరునామా అడుగుతారు. చెప్పనంటాను. ఎందుకు చెప్పవంటారు. అప్పుడు రాండ్ పేరు చెప్తాను. ఏం చేశాడో మైకులో చెప్తాను. అమ్మ టీవీలో చూస్తుంది. చూడనీండి."