పది పియాస్టర్ల నోటు మీది సంతకం

ఆ పది పియాస్టర్ల చిల్లర నోటును వెలుతురుకెత్తి వగీహ్ ముందుగా సంతకమే చూశాడు. ఏడాది అంకెను అతడు ఎప్పుడూ నమ్మడు. కైరోలో అజ్‌బకియా పాత పుస్తకాల సందులో ఓ ఇరుకు కొట్టు అతనిది. పాత నోట్లు ఏ ఏడు అచ్చయ్యాయో తేల్చడమే బతుకైపోయింది. నడుము వంగింది, చూపుడువేలి కొన పసుపెక్కింది. పెళ్లి ఊసు ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

ఎదురుగా, మొగుడు పోయాడన్నప్పటి నల్ల ముసుగులోనే ఫిక్రియా కూర్చుంది. రోజూ బజారు నుంచి పోతూ అతని దగ్గర ఓ గ్లాసు టీ తాగే మనిషి. ఈ నోటు మాత్రం అతనికి ఇవాళే చూపించింది.

"తొందరగా చెప్పన్నా. టీ చల్లారిపోయింది, నా కాళ్లూచేతులూ చల్లారిపోతున్నాయి."

ఆ 'అన్నా' అతనికి గొంతులో ముల్లు.

ఆమె మొగుడు సాబిర్ అరవై ఏడులో జరిగిన యుద్ధంలో సినాయ్ ఎడారికి పోయి తిరిగి రాలేదు. కొన్నేళ్లకు ఎవరో గుమ్మంలో ఈ నోటిచ్చి వెళ్లిపోయారు. అంచున సాబిర్ వంకర రాతలో 'ఫిక్రియాకు' అని ఉంది. నోటు మీద 1940 అని ఉండటంతో, అది పాత నోటేననీ, యుద్ధానికి ముందే రాసుకున్నాడనీ, శవం జేబులో దొరికిందనీ ఆమె ఉండే వీధి వీధంతా తీర్మానించింది. ఎముకలైనా కైరోకే తెస్తారని నమ్మి, మన్సూరా పట్నంలో ఉన్న చెల్లెలు ఎంత పిలిచినా ఆమె ఊరు కదల్లేదు.

కానీ 1940 అన్నది ఈ చిల్లర నోట్లు అచ్చేయమన్న చట్టం పుట్టిన ఏడు. ఆ చట్టం కింద నోట్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అచ్చయ్యాయి. ఆర్థిక మంత్రి మారితే నోటు మీద సంతకం మారేది, అంతే. ఈ సంతకం ఆ అరవై ఏడు యుద్ధం ముగిశాక కొలువెక్కిన మంత్రిది.

వగీహ్ నోటును కిందికి దించాడు. సాబిర్ బతికాడు, బతికీ రాలేదు. చెబితే ఈమె గుండె పగులుతుంది, లేదా ఊరు విడిచిపోతుంది. చెప్పకపోతే రేపూ వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటుంది. అతనికి కావలసింది అంతకంటే ఏముంది?

"ఫిక్రియా, ఇది రాసింది యుద్ధం అయిపోయాకే."

"అంటే... ఆ యుద్ధం మంటల్లో కాలిపోలేదా?"

"లేదు."

"మరి రాలేదేం?"

"అది నోటు చెప్పదమ్మా."

"ఓరి సచ్చినోడా!" అని పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. "ఎక్కడో ఎవత్తెతోనో కడుపునిండా తిని పడుకునుంటాడు. నేనిక్కడ ఎముకలకి కాపలా! పోనీలే, బతికాడు. నాకదే చాలు."

గబగబా లేచింది. "రేపే మన్సూరా బండెక్కుతా. దేవుడు నీ చేతులు చల్లగా ఉంచాలన్నా."

ఉండిపొమ్మని చెప్పడానికి అతడు నోరు తెరిచేలోగా ఆమె సందు మలుపు తిరిగిపోయింది.

కుర్చీ మీద, ఇన్నేళ్లూ ఆమె తలమీంచి దించని నల్ల ముసుగు ఇంకా వెచ్చగానే ఉంది.