యువరాజు కట్టిన నార

నార పోచ కొసను పంటితో రెండుగా చీల్చి, ఆ చీలికలో ఇంకో పోచ కొసను పెట్టి, మోకాలి మీద అరచేత్తో ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ దొర్లించాను. అతుకు పడింది. లాగి చూసి బుట్టలోకి వదిలాను. మళ్లీ ఇంకో పోచ. పొద్దున్నుంచీ ఇదే పని. చలికాలం పోయేదాకా మా ఊరి ఆడవాళ్లందరిదీ ఇదే పని. అందరికీ పైజమా కుడి కాలు తొడ దాకా మడిచి ఉంటుంది. అందరి కుడి మోకాలూ మడమలా గట్టిపడి ఉంటుంది.

ఆదివారం మాత్రం అందరూ బుట్టలు పట్టుకొని మా ఇంటికి వస్తారు. కింద పారే పొయ్యి వేడికి మా గది నేల బాగా వెచ్చగా ఉంటుందని చెబుతారు గానీ అసలు కారణం మా టీవీ. రాజుల సీరియల్ శనివారం రాత్రి వస్తుంది. ఆ వేళకు మా ఊళ్లో అరవై దాటినవాళ్లెవరూ మెలకువగా ఉండరు. అందుకని మర్నాడు మధ్యాహ్నం తిరిగి వేసేటప్పుడు చూస్తాం.

చాలా బాగా తీసిన సీరియల్ అది. అందులో ఎవరూ ఊరికే అరవరు. పెద్దరాణికి కోపం వస్తే చేతిలో చెంచా కింద పెడుతుంది, అంతే. అక్కడ దాసీలు తలలు దించుకుంటారు, ఇక్కడ మేము పోచలు పట్టుకొని ఆగిపోతాం. అలాంటప్పుడు వేసిన అతుకులు తర్వాత మగ్గం మీద తెగిపోతాయి. పోగు తెగినప్పుడల్లా యేచన్ పిన్ని, "ఇదిగో, చిన్నరాణికి విషం పెట్టిన వారం" అని నవ్వుతుంది.

పిన్ని పేరు యేచన్ కాదు. అది ఆమె పుట్టిన ఊరు. మా ఊరికి కోడలిగా వచ్చిన ఎవరినైనా పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తాం. సాంజు మామ్మ, ఉల్జిన్ మామ్మ కూడా అంతే. సాంజు మామ్మకు డెబ్బై ఆరు, ఉల్జిన్ మామ్మ ఆమె కంటే రెండేళ్లు చిన్న. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకే గోడ. ఆ గోడకు అటూ ఇటూ నిలబడి యాభై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు.

టీవీ ముందు కూడా అంతే.

"ఆ మంత్రి అబద్ధమాడుతున్నాడు," అంది సాంజు మామ్మ ఒక వారం.

"నీకెలా తెలుసక్కా? నీ చెవిలో చెప్పాడా?" అంది ఉల్జిన్ మామ్మ.

"మాట మధ్యలో ఊపిరి పీల్చాడు. నిజం చెప్పేవాడు ఒక్క గుక్కలో చెబుతాడు."

"ముసలాడు పాపం! మెట్లెక్కి వచ్చాడు, ఆయాసం రాదూ? నువ్వు మా వాకిట్లోకి రావడానికే మూడుసార్లు ఆగుతావు."

"నేను ఆగేది నీ మొహం గుర్తొచ్చి."

నాయనమ్మ ముక్కు చీది, "ఇద్దరూ నోరు మూయండి, నాకు వినపడటం లేదు," అంది. తర్వాతి వారం మంత్రి అబద్ధం బయటపడింది. "పెద్దక్క కన్నే కన్ను" అని యేచన్ పిన్ని సాంజు మామ్మను మెచ్చుకుంది. ఉల్జిన్ మామ్మ మూతి తిప్పుకుంది.

పెద్దక్క కన్ను అనడం మా ఊళ్లో ముప్పై ఏళ్ల నుంచీ ఉంది. ఏటా నేత పూర్తయ్యాక అందరూ తమ తానులు సాంజు మామ్మ వాకిట్లోకి తీసుకెళతారు. ఆమె తాను కొస ఎండకు పట్టి, వేళ్ల మధ్య నలిపి, ఇది ఆరు పుంజాలు, ఇది ఏడు, ఇది చావు బట్టకు సరిపోతుంది, ఇది వేసవి చొక్కాకు, అని చెబుతుంది. పుంజం అంటే పడుగు పోగుల కట్ట; ఎన్ని ఎక్కువైతే బట్ట అంత సన్నం. ఆమె అన్న మాటే లెక్క. ఉల్జిన్ మామ్మ ఒక్కతే ప్రతి ఏడూ తన తాను తిరిగి లాక్కొని, "ఎనిమిది! కళ్లు తుడుచుకొని చూడు!" అని గొడవ పెడుతుంది. చివరికి ఏడే అవుతుంది.

ఆ కళ్ల సంగతి నాకు శరదృతువులో తెలిసింది.

సీరియల్ చూస్తున్నప్పుడు సాంజు మామ్మ నన్ను అడుగుతూ ఉండేది. "హేసుకూ, రాణి మొహం ఎలా ఉందో చెప్పు. చేతులు ఎక్కడ పెట్టింది?" బడిపిల్లను పరీక్షించినట్టే అడిగేది. మొదట్లో నాకు చూడటం నేర్పుతోందనుకున్నాను. జాగ్రత్తగా చూసి చెప్పేదాన్ని. ఒకరోజు తెర మీద రాజుగారు నిద్రపోతున్నారు. మామ్మ, "ఇప్పుడు ఎటు చూస్తున్నాడు?" అంది. నేను తలెత్తి ఆమె కళ్లలోకి చూశాను. సాయంత్రం ఇంటికి దిగబెట్టడానికి వెళ్లినప్పుడు వాగు మీది వంతెన దగ్గర ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నడిమధ్యలో మంచు పట్టినట్టు ఉంటుందే. అంచుల్లో కొంచెం కనిపిస్తుంది, దారి తెలుస్తుంది. నువ్వు ఎదురుగా నిలబడితే నీ చెవి కనిపిస్తుంది, మొహం కనిపించదు."

"డాక్టరుకు చూపిద్దాం మామ్మా."

"చూపించాను. ఇది ఇంతేనట." కాసేపు వాగు చప్పుడు విని అంది, "ఎవరితోనూ అనకు. మగ్గం పట్టీ నడుముకు కట్టుకొని కూర్చోలేను. పొలం దిగలేను. తాను పట్టుకొని నా వాకిట్లోకి వస్తారు చూడు, అదొక్కటే నాకు మిగిలింది. అది కూడా పోతే నన్ను కూర్చోబెట్టి పళ్లెంలో పెట్టి ఇస్తారు. ఆ ఉల్జిన్ కూడా జాలిపడి పెడుతుంది!"

ఎవరితోనూ అననని మాటిచ్చాను. అప్పటి నుంచీ ఆదివారాలు ఆమె పక్కనే కూర్చున్నాను. పోచ కొరుకుతున్నట్టు తల వంచి, తెర మీద ఏముందో ఆమె చెవి దగ్గర గొణిగేదాన్ని. నార అతకడానికి ఆమెకు కళ్లు అక్కర్లేదు. మా అందరి అతుకుల కంటే ఆమె అతుకులే నున్నగా ఉండేవి. సీరియల్ కూడా ఆమె మా కంటే బాగానే చూస్తోందని నాకు అనిపించేది. గుడ్డలు, నగలు, పువ్వులు మా కళ్లను లాక్కుపోయేవి. ఆమె దగ్గర గొంతులు మాత్రమే మిగిలాయి. ఎవరు ఎవరిని చూసి భయపడుతున్నారో మా అందరికంటే ముందు ఆమెకే తెలిసేది.

నెల కిందట మంచం పట్టిన రాజుగారు కిందటి వారం పోయారు. ఈ వారం అంత్యక్రియలు. ఊరంతా నార నేసేవాళ్లమే కాబట్టి ఈ భాగం కోసం నెల నుంచీ ఎదురుచూస్తున్నాం. తండ్రి పోయిన యువరాజు నార బట్ట కట్టాలి కదా.

"చచ్చింది వాళ్ల రాజు, పండగ మనకు," అంది యేచన్ పిన్ని, పోచల కట్ట విప్పుతూ.

"తండ్రి పోయినవాడు ముతక నారే కట్టాలి. అంచు కుట్టకూడదు," అంది నాయనమ్మ. "ఈ సినిమావాళ్లకు అవన్నీ ఎవరు చెబుతారు?"

"పెద్దక్క చెబుతుంది, ఉత్తరం రాయమందాం."

"రాస్తుంది, రాస్తుంది. వాళ్ల బట్ట కూడా ఏడు పుంజాలే అంటుంది," అంది ఉల్జిన్ మామ్మ.

సాంజు మామ్మ నవ్వింది. ఆ రోజు ఆమె హుషారుగా ఉంది. తెరలో డప్పు ఒక్కటే నెమ్మదిగా మోగుతోంది. పెద్దరాణి ఏడవలేదు. ఖాళీ గదిలో రాజుగారి టోపీ మీది దుమ్ము చేత్తో తుడుస్తోంది. నేను అది చెబితే మామ్మ మోకాలి మీద చెయ్యి ఆగింది. "తుడుస్తోందా?" అని గొణిగింది. ఉల్జిన్ మామ్మ కూడా కళ్లు ఒత్తుకుంది.

అప్పుడే నాయనమ్మ, "హేసుకూ, పొయ్యిలో చిలగడదుంపలు మాడిపోతాయే," అంది.

లేవక తప్పలేదు. దుంపలు బూడిదలోంచి తీశాను. పెరట్లో గడ్డి కప్పిన జాడీ మూత తీసి ఊరేసిన ముల్లంగి ఊట గిన్నెలోకి వంచాను. పైన మంచు పెచ్చులు తేలాయి. చేతులు కొంకర్లు పోతుంటే పళ్లెం ఎత్తుకొని గబగబా వచ్చాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పిన్ని కేక వినిపించింది.

"వచ్చాడు, వచ్చాడు! పెద్దక్కా, బట్ట చూడు! మన నారేనా?"

యువరాజు మెట్లు దిగుతున్నాడు. ఒంటి నిండా తెల్లబట్ట. నేను గుమ్మంలోంచే చూశాను. అది నారే కాదు. మిల్లు గుడ్డ. పోగు పోగుకూ ఒకే సందు, నీలం పెట్టిన తెలుపు, అంచుకు మిషను కుట్టు. మా ఊళ్లో ఆరేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది.

సాంజు మామ్మ తల కొంచెం పక్కకు తిప్పింది. నా చోటు వైపు చెయ్యి చాపింది. అక్కడ నా బుట్ట ఒక్కటే ఉంది. అందరూ ఆమె మాట కోసం చూస్తున్నారు.

"మన నారే," అంది గట్టిగా. "చేత్తో నేసిందే. అయిదు పుంజాలుంటుంది."

పిన్ని నవ్వబోయి ఆగింది. హాస్యమాడుతోందేమో అనుకున్నట్టు నాయనమ్మ వైపు చూసింది.

"అంచు చూడండి," అంది మామ్మ. "కుట్టకుండా వదిలేశారు. అలాగే ఉండాలి. ఎవరో తెలిసినవాళ్లే చెప్పి ఉంటారు."

అప్పటికి తెర మీద యువరాజు లేడు. రాజభవనం పెంకుల మీద మంచు పడుతోంది. మనుషులెవరూ లేరు.

నా చేతిలో పళ్లెం బరువెక్కింది. దాన్ని గుమ్మం పక్కన దించాను. నాయనమ్మ చేతిలో పోచ అలాగే ఉండిపోయింది. ఉల్జిన్ మామ్మ తెర వైపు చూసింది, సాంజు మామ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అది చాలు.

ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపు కోసం ఎదురుచూస్తున్నట్టు సాంజు మామ్మ మొహం ఆమె వైపే తిప్పి కూర్చుంది. పెదవుల మీద ఇంకా నవ్వు ఉంది.

"అవునక్కా," అంది ఉల్జిన్ మామ్మ. గొంతు మెత్తగా ఉంది. "మన నారే."

సాంజు మామ్మ పెదవుల మీది నవ్వు కాసేపు అలాగే నిలిచింది.

"ఏమన్నావే?"

"నువ్వన్నదే నిజం అంటున్నాను. చేత్తో నేసిందే. అయిదు పుంజాలే."

"అయిదే కదూ," అంది నాయనమ్మ తొందరగా.

"అవును పెద్దక్కా, అంచు కూడా కుట్టలేదు," అంది యేచన్ పిన్ని.

తెరలో డప్పు మళ్లీ మొదలైంది. పల్లకి కదిలింది. మేము వారాల తరబడి ఎదురుచూసిన ఊరేగింపు అది. జెండాలు వెళ్లాయి, గుర్రాలు వెళ్లాయి. ఎవరూ చూడలేదు. ఉల్జిన్ మామ్మ ఒక దుంప తీసుకొని, వేళ్లు కాలుతున్నా తొక్క పూర్తిగా ఒలిచి, సాంజు మామ్మ అరచేయి పట్టుకొని అందులో పెట్టింది.

మామ్మ ఆ దుంపను కాసేపు పట్టుకుంది. తర్వాత నేల మీద పెట్టింది. మడిచిన పైజమాను తొడ నుంచి పాదం దాకా నిదానంగా దించుకుంది. బుట్ట తీసుకోలేదు. తలుపు చట్రం పట్టుకొని లేచింది. నేను లేవబోతే ఉల్జిన్ మామ్మ నా మణికట్టు పట్టుకుంది.

వరండాలో సాంజు మామ్మ పాదంతో తడుముతూ తన రబ్బరు చెప్పులు వెతుక్కుంది. ఒకటి దొరికింది, కాసేపటికి రెండోది దొరికింది. వాకిలి దాటి వెళ్లిపోయింది.